ఇంటిపేరు లేని నాయకుడు

ప్రేమనవలను పుటలతో కొలుచుట తగదనియు, అది ఏ ఊరిలో బస్సెక్కి ఏ ఊరిలో దిగులోపల ముగియునో చెప్పినగాని దాని ప్రమాణము తెలియరాదనియు నా మతము. సూర్యాపేట బస్టాండులో నాయికానాయకులను ఢీకొట్టించి, దురాజుపల్లి గట్టు కనబడకముందే ఒకరిపై నొకరికి కోపము పుట్టించి, మునగాల వచ్చునప్పటికి ఆ కోపము అడుగున నున్నది అనురాగమేనని పాఠకుని చెవిలో మాత్రము ఊది, పిదప అపార్థమొకటి కల్పించి ఇరువురిని విడదీసి, కోదాడలో కండక్టరు కేక వేయులోపల పెండ్లిపీటలపై కూర్చుండబెట్టగలిగిన రచయిత్రి నా దృష్టిలో సమర్థురాలు. అదే కథను హుజూర్‌నగరు మీదుగా మిర్యాలగూడ దాకా సాగదీసినయెడల నాయిక మరి రెండు పర్యాయములు దిండు తడుపవలసి వచ్చును గనుక అది నాకు సమ్మతము గాదు. వేయిపడగలు చంకనిడుకొని బయలుదేరినవాడు కాశికి టిక్కెట్టు తీసికొనవలెను గాని కోదాడకు గాదు.

ఇట్టి నవలలు చదువుదునని చెప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. సంకోచపడువారిని మాత్రము చాలమందిని ఎరుగుదును. పోటీపరీక్షల పుస్తకముల నడుమ దాచి చదువువారు కొందరు. ఇంటిలో ఆడవారికని చెప్పి తీసికొనిపోయి, తామే రాత్రి రెండు గంటల వరకు దీపమార్పక, ఉదయమున కన్నులెఱ్ఱబడుటకు దోమలను నిందించువారు మరికొందరు. వీరందరికన్న మా గ్రంథాలయమునకు వచ్చు విశ్రాంత ఉపాధ్యాయిని యొకరిపై నాకు గౌరవమెక్కువ. ఆమె బీరువా వద్దనే నిలువబడి, కళ్లజోడు సవరించుకొని, ప్రతి నవలకును కడపటి రెండు పుటలు మొదట చదువును. “పెండ్లయితనే ఇంటికి తీస్కపోత సారూ, లేకుంటె నాకు బీపీ” అని ఆమె నాతో బహిరంగముగనే చెప్పినది. విమర్శకులు కరుణరసమని కొనియాడిన గ్రంథములు పెక్కు ఆమె హస్తస్పర్శతో మరల బీరువాలోనికే పోయినవి.

ఈ నవలలపై సాధారణముగా మోపు నేరము, ఇవి నమ్మదగినవి కావని. అది నేరమే యైనచో బోనులోనికి మొదట కాళిదాసును పిలువవలసి యుండును. ఏలయన, ప్రేమకథ వ్రాయువారికి గల అసలు కష్టము ఇరువురిని కలుపుట గాదు; మూడవ పుటలోనే కలిసికొనుటకు సిద్ధముగా నున్న ఇరువురిని నూరవ పుట వచ్చునంతవరకు ఏదో యొక మిషచేత కలియనీయకుండుట. మహాభారతమున దుష్యంతునకు శాపము లేదు, ఉంగరము లేదు. ఆ మహారాజు అంతయు ఎరిగియే నిండుసభలో ఎరుగనని బొంకి, ఆకాశవాణి సాక్ష్యమిచ్చినపిదప ఒప్పుకొనెను. అట్టివానిని నాయకుడని నిలుపుట ఆడువారి యెదుట కష్టమని కాబోలు, కాళిదాసు దుర్వాసుని రప్పించి, నేరమంతయు ఆ ముని నోటిపై పెట్టి, ఉంగరమును చేప కడుపున దాచెను. 15వ శతాబ్దివాడైన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు భారతకథను, కాళిదాసు నాటకమును కలిపి శృంగారశాకుంతలమును నాలుగాశ్వాసములలో ముగించెను. పిల్లలమఱ్ఱి సూర్యాపేటకు కూతవేటు దూరమున, కాకతీయుల నాటి గుడులతో నున్న గ్రామము; ఇంటిపేరును బట్టి కవిగారు మావాడేనని మేము గట్టిగా నమ్ముచున్నాము, కాదన్నవారితో వాదమునకు సిద్ధముగా నున్నాము. కావున అపార్థముపై ఆధారపడిన ప్రణయగాథ మాకు క్రొత్త గాదు, పరాయిది గాదు.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఇంచుమించు ఆ కాలముననే పత్రికలలో ఆడవారు వ్రాసిన నవలల ప్రవాహమును పొంగినది. ఎడమకాలువ కింద ఒక చేత నారుకట్ట, ఒక చేత వారపత్రిక పట్టుకొన్న తరమొకటి పుట్టినది. కృష్ణా జిల్లా కాజలో పుట్టి, 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూసిన యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’, ‘మీనా’, ‘జీవన తరంగాలు’, కోడూరి కౌసల్యాదేవిగారి ‘ప్రేమనగర్’, వీటిని చదువనివారు సినిమాలుగనైన చూచియే యుందురు. తరువాత 1978లో ‘చతుర’ వచ్చి, నెలకొక నవలను సంపూర్ణముగా ఒకే సంచికలో నిచ్చు పద్ధతిని నెలకొల్పి, 2021 వరకు సాగినది. ‘తరువాయి వచ్చే వారం’ అను హింస లేకుండ కథను ముగించి పంపుట ఎంతటి ఉపకారమో దానిని ప్రయాణములలో చదివినవారికి తెలియును.

ఇక నాయకుని సంగతి. ఆయన ఆరడుగులకు తక్కువ యుండడు. కారుండును, మేడ యుండును, మేడకు వంపు తిరిగిన మెట్లుండును, మెట్ల కింద నమ్మకమైన ముసలి నౌకరుండును. మిర్యాలగూడలో నా వియ్యంకునకు బియ్యపుమిల్లు కలదు. ధాన్యపుగింజను పంటికింద కొరికి, యంత్రము చూడకయే తేమ పదిహేడో పద్దెనిమిదో చెప్పగల దిట్ట. ఒకనాడు కాంటా ప్రక్కన నేను మఱచి వచ్చిన నవలను ఆయన ఆసాంతము చదివి, నాకు ఫోను చేసెను.

“బావా, గీయనకు ఎస్టేటున్నదని రాసిండ్రు. ఎన్నెకరాలు? కాల్వ కిందనా, బోర్ల కిందనా?”

“అది రాయలేదు బావా.”

“కంపెనీ గూడ ఉన్నదంట. ఏం తయారు జేస్తది?”

“అదీ రాయలేదు.”

“మరి పొద్దుందాక ఆ పిల్లెనక తిరుగుతుంటె జీతాలెవలిస్తున్నరు బావా?”

నేను సమాధానము చెప్పలేకపోతిని. ఇంతమంది పాఠకురాండ్ర హృదయములను ఏలిన నాయకుడు విద్యుత్తు బిల్లు కట్టగా చూచినవారు లేరు. బ్యాంకువారు ఆయనకు నోటీసు పంపిన దాఖలా లేదు. హమాలీలు కూలి పెంచుమని ఆయన గేటు ముందు కూర్చుండలేదు. ఆఫీసునకు పోవుట సెక్రటరీని కసరుకొనుటకు, తిరిగి వచ్చుట కసరుకొన్నందుకు నిద్ర పట్టక పచార్లు చేయుటకు.

అయితే మా వియ్యంకుడు అడుగని ప్రశ్న మరియొకటి కలదు. ఆ నాయకుని ఇంటిపేరేమి? మా తావున క్రొత్తవాడు తలుపు తట్టినచో మంచినీళ్లిచ్చుటకు ముందు “ఎవలోళ్లు బిడ్డా?” అని అడుగుదురు, అడిగినది మర్యాదకు గాదు, లెక్కకు. నవలలోనో, ఎవరును అడుగరు. నాయకుడు రాజశేఖరమే, నాయిక జయంతియే. మేనమామలుండరు, పాలివారుండరు, తల్లిదండ్రులు చాలవరకు మొదటి ప్రకరణమునకు పూర్వమే ఏ ప్రమాదముననో గతించి యుందురు. ప్రేమకు నిజముగా అడ్డుపడువారినందరిని రచయిత్రి ముందుగానే కథలోనుండి పంపివేసినది గనుకనే, ఆ పని చేయుటకు పాపము అపార్థమొక్కటియే మిగిలినది. 2018లో మిర్యాలగూడలో ఒక ప్రేమవివాహమునకు పట్టిన గతిని దేశమంతయు చూచినది; దానిపై నేను హాస్యమాడను. ఆ త్రోవన పోవు బస్సులో కూర్చుండి, చేరవలసినవారికి చేరని ఉత్తరమే సమస్త దుఃఖమునకు కారణమైన లోకమును గూర్చి చదువుకొను పిల్లను, పలాయనవాదియని నిందించుటకు మాత్రము నాకు నోరు రాదు.

ఆ ఉత్తరము కూడ ఇప్పుడు పోయినది. కోదాడలో నున్న మా కోడలు సెల్‌ఫోనులో ‘ప్రతిలిపి’ తెరచి భాగములుగా వచ్చు ప్రేమకథలు చదువును. ఫోనులున్న కాలమున అపార్థమెట్లు నిలుచునని నేనడిగితిని. “హీరోయిన్ ఫోన్ స్విచ్చాఫ్‌ల ఉన్నది మామయ్యా, గందుకే ఇన్ని భాగాలు నడిచినయి” అని ఆమె కూర తరుగుచునే చెప్పినది. దుర్వాసుని పని ఇప్పుడు బ్యాటరీ చేయుచున్నదన్నమాట. పైగా ఆ కథలలో నాయకుడు కాఫీకప్పు ఎత్తిన వారమునకు గాని దింపడు. ప్రతి భాగము తలుపు చప్పుడుతో ముగిసి, మరుసటి భాగమున ఆ తలుపు తట్టినది పాలవాడని తేలును. ఇది చిన్న నవల గాదు, పెద్ద నవల గాదు. గమ్యము వ్రాయని బస్సు. నాకు సరిపడదు. మా కోడలు మాత్రము పాలవానిపై గూడ అనుమానము పెంచుకొని సుఖముగా చదువుచున్నది.

మొన్న యాసంగి ధాన్యము ట్రాక్టర్లలో బారులు తీరియున్న వేళ మిర్యాలగూడకు పోతిని. వియ్యంకుడు నన్ను ఆఫీసుగదిలో కూర్చుండబెట్టి, చాయ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి, “నువ్వే రాయి బావా, మిల్లోడు హీరో” అని కథ చెప్పసాగెను. కోదాడ నుండి వ్యవసాయశాఖ అధికారిణి యొకతె రైతుల ఫిర్యాదుపై విచారణకు వచ్చును. ఆమె యంత్రమున తేమ 16, ఇతని యంత్రమున 19. బస్తాకు ఇంత తరుగేమని ఆమె అడుగును. ఆ అడుగుటలోనే ఇతని మనసు పోవును. ఇంతకు పూర్వము చదివినవాటన్నిటికన్న ఇది నాకు నచ్చినది. ఇందు నాయకునకు వృత్తి యున్నది, అప్పున్నది, కొంచెము తప్పు కూడ నున్నది. ఉంగరము, ఉత్తరము, బ్యాటరీ లేకయే కలహము కుదిరినది. ఉత్సాహముతో కాగితము తీసి, మొదటి పంక్తి వ్రాయబోవుచు, నాయకుని ఇంటిపేరేమి పెట్టుదమని అడిగితిని.

వియ్యంకుడు చాయగ్లాసు క్రింద పెట్టెను. కిటికీలోనుండి కాంటా వద్ద నున్న రైతులను, లారీ డ్రైవర్లను, గుమాస్తాను ఒకసారి కలయజూచెను.

“ఇంటిపేరొద్దు బావా” అనెను. “రేపు నేను ఈ ఊర్లనే తిరగాలె గద.”