ముందు సంతకం, తర్వాత సిగ్నల్

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను కళ్లారా చూడాలనుకునేవారు ఒడిశాలో రాయగడ వైపు ఏదో ఒక హైస్కూలు కంప్యూటర్ గదిని ఊహించుకోండి, పేరెందుకు? తలుపుకు తాళం, తాళానికి పైన లామినేషన్ చేసిన నియమావళి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదట. అది సీపీయూ మీద తెల్ల టేపుపై పెద్ద అక్షరాలతో రాసే ఉంది. అనుమతి లేని వెబ్‌సైట్లు తెరవరాదట. అనుమతి ఉన్నవైనా తెరుచుకుంటే కదా! గుడ్డ కప్పిన మానిటర్ ముందు కూర్చుని ఇంటర్నెట్‌ను దుర్వినియోగం చేసే విద్య మన పిల్లలకు ఇంకా పట్టుబడలేదు. అయినా ఎందుకైనా మంచిదని హామీపత్రం రాయించుకుంటారు. ఇంట్లో కువీయో తెలుగో మాట్లాడే తండ్రి, ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్న ఇంగ్లీషు వాక్యం కింద వేలిముద్ర వేస్తాడు.

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. 2017 ఆగస్టులో, పిల్లల్ని చావుకు పురికొల్పుతుందన్న బ్లూవేల్ ఆన్‌లైన్ ఆట గోల నడుస్తుండగా, సీబీఎస్‌ఈ తన బడులకు సర్క్యులర్ పంపింది. ఫైర్‌వాల్ పెట్టండి, నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టండి, అనుమతి లేని ఫోన్లను బడికీ బడి బస్సుకూ రానివ్వకండి అంది. బాగానే ఉంది. మూడేళ్లు తిరక్కుండానే కరోనా వచ్చి, ఆ ఫోనే బడి అయి కూర్చుంది. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం ‘శిక్షా సంజోగ్’ పేరిట వాట్సాప్‌లో పాఠాలు మొదలుపెట్టింది. ఫోను తెచ్చావేరా అని గద్దించిన నోళ్లే, ఫోను లేదేమిరా అని అడిగాయి.

ఫోను సంపాదించినా సిగ్నల్ కొండ మీదుండేది. 2021 ఆగస్టులో రాయగడ జిల్లా పద్మపూర్ బ్లాకులో, ఆన్‌లైన్ క్లాసు కోసం సిగ్నల్ వెతుక్కుంటూ కొండెక్కిన పదమూడేళ్ల పిల్లవాడు బండ మీంచి పడి చనిపోయాడు. నియమావళి రాసినవాళ్లకు బూతు సైట్లు గుర్తొచ్చాయి, బండరాళ్లు గుర్తుకు రాలేదు.

‘మీకేం, రాస్తారు. పిల్లలు రీల్సులో పడి చెడిపోతున్నారు’ అంటారు పెద్దమనుషులు. పడుతున్నారు, కాదనను. 2024 అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో అంతకు ముందు వారం చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లో ప్రొఫైల్‌ను బయటివాళ్లకు కనపడకుండా పెట్టుకోవడం తెలిసినవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అరగంట కూర్చోబెట్టి ఆ ఒక్కటి నేర్పవచ్చు. దానికి తాళం తీయాలి. రాదు, కూడదు, నిషిద్ధం అని రాయడానికైతే తాళంతో పనిలేదు.

ఇంతకీ నియమాలు తప్పిందెవరు? 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన చదువు యాప్‌లను పరీక్షించింది. అందులో మన కేంద్ర ప్రభుత్వ ‘దీక్ష’ కూడా ఉంది. పిల్లవాడి ఫోను ఎక్కడుందో పట్టుకునే ఏర్పాటు దానిలో ఉందనీ, ప్రకటనలకు పనికొచ్చే గుర్తింపు సంఖ్యను గూగుల్‌కు పంపుతోందనీ తేల్చింది. మరుసటి ఏడాది జనవరిలో అదే ‘దీక్ష’ గురించి ఇంకో ముచ్చట బయటపడింది: పది లక్షల మందికి పైగా టీచర్ల వివరాలు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల సమాచారం తాళం లేని సర్వర్‌లో పడి ఉన్నాయి. తాళాలన్నీ కంప్యూటర్ గదులకే సరిపోయాయి కాబోలు.

కనుక వచ్చే ఏడాది ఫారంలో ఎడమవైపు విద్యార్థి సంతకం, కుడివైపు విద్యాశాఖ సంతకం ఉండాలని ఈ రచయిత ప్రార్థన. కుడివైపు షరతులు మూడు చాలు. గది తెరుస్తాం. నెట్ రప్పిస్తాం. పిల్లవాడి వివరాలు ఎవరికీ అమ్మం, ఎక్కడా పారేసుకోం. ఇంగ్లీషు రాకపోతే దిగుల్లేదు, వేలిముద్ర చెల్లుతుంది.