పాకుచు చేరిన వృత్తి

మగశిశువునకు ఆఱవ నెలలోను, ఆడశిశువునకు ఐదవ నెలలోను అన్నప్రాశనము జరిపించి, పాయసము నాలుకకు తాకించిన పిమ్మట, పుస్తకము, కలము, బంగారము, కత్తి, పైకము మున్నగువానిని చాపపై పేర్చి, బిడ్డ వానిలో దేనిని పట్టుకొనునో చూచి భావివృత్తిని నిర్ణయించుట మన యిండ్లలో తరతరముల వేడుక. కత్తి పట్టినచో పూర్వము వీరుడనెడివారు. ఇప్పుడు శస్త్రవైద్యుడని సవరించుకొనుచున్నారు.

అయితే నేటి శిశువు ఈ సామగ్రినంతటిని త్రొక్కుకొనుచు, మేనత్త "ఇటు రా బంగారూ" అని గిలక ఆడించుచున్నను చెవిని బెట్టక, ఎదుట మోకాళ్లపై కూర్చుండి వీడియో తీయుచున్న కన్నతండ్రి చేతిలోని సెల్‌ఫోను వంకకే పాకి, పాయసపు వ్రేళ్లతో దానిని ఒడిసిపట్టును. పాపము, వాని తప్పేమి? పుట్టినది మొదలు వానికి తండ్రి ముఖములో సగము ఆ పరికరమే గదా! తాతగారు పంచాంగము తెఱచులోపలనే బంధుజనము సాఫ్ట్‌వేరు యోగమని తీర్పు చెప్పి చప్పట్లు చఱచుదురు.

రెండేండ్లు నిండని పసివారికి తెర తగదనియు, ఆపై నాలుగేండ్లవారి వఱకు దినమునకు గంట దాటరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాటను ఎఱుగని విద్యాధికులు అరుదు. కుడిచేత పప్పన్నపు ముద్దయు, ఎడమచేత బొమ్మల పాటయు పట్టుకొని, "పాట అయిపోతోంది, నోరు తెరు నాన్నా" అని బ్రతిమాలుచునే, ఆ హితవాక్యమును ఇంటి వాట్సాప్ గ్రూపున మొట్టమొదట పంచినవారు వారే. దానిక్రింద చేతులు జోడించిన బొమ్మ పెట్టినవారిలో తాతగారును కలరు.