రేపు ఇదే వేళ దాకా

నేను హైదరాబాద్ సిటీ బస్సులో పుట్టే టీ-24 టికెట్‌ని. నా పుట్టుకలో సిరా చుక్క కూడా లేదు. కండక్టర్ చేతిలోని మిషన్‌లో మీట నొక్కితే పూత పూసిన కాగితం కదులుతుంది, వేడి తగిలినచోట అక్షరం నల్లబడుతుంది, కరకరమంటూ నేను బయటికి వస్తాను. నా ఆయుష్షు 24 గంటలు. ఆ లోపల నగరంలో సిటీ ఆర్డినరీ ఎక్కినా మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, ఎన్నిసార్లు ఎక్కి దిగినా, మళ్లీ చిల్లర తీయనక్కర్లేదు. ఏసీ బస్సుల్లో చెల్లను. మెట్రో రైలు స్టేషన్ గేటుకు నేనెవరో తెలియదు. నిజాం ప్రభుత్వ రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది 1932లో. అప్పటినుంచి పంచ్ కొట్టి ఇచ్చిన రంగురంగుల టికెట్లయినా, ఇప్పుడు నా పక్కనే పుట్టే మామూలు టికెట్లయినా చెప్పేది ఒకటే: ఎక్కింది ఇక్కడ, దిగాల్సింది అక్కడ. నాలో ఆ రెండూ లేవు. ఉన్నది గడియారం ఒక్కటే. అందుకే ఈ నగరాన్ని మొదటిసారి చూడవచ్చిన కుర్రవాళ్లు తమ తిరుగుడును ఊళ్ల పేర్లతో కాక గంటలతో లెక్క వేసుకోవాలని నా వాదన. ఆ లెక్క సరిగ్గా వేస్తే తేలేది కూడా ముందే చెబుతాను: ఎంతైనా తిరగమని ఇచ్చిన టికెట్ చేతిలో ఉన్నప్పుడే తక్కువ చోట్లకు వెళ్లాలి.

ఏ పరీక్షకో, కౌన్సెలింగ్‌కో, చుట్టాల పెళ్లికో వచ్చి ఒక రోజు మిగుల్చుకున్న పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు సాధారణంగా రాసుకునే జాబితా ఇలా ఉంటుంది: చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, జూపార్కు, శిల్పారామం, బిర్లా మందిర్. ఆరు చోట్లంటే మధ్యలో ఐదు ప్రయాణాలు. స్టాపులో ఎదురుచూపు, సిగ్నళ్లు, దిగాక నడక కలిపి ఒక్కోదానికి సగటున గంట వేద్దాం. చార్మినార్ నుంచి మ్యూజియం దగ్గరే అయినా, జూపార్కు నుంచి శిల్పారామం పోయేటప్పుడు ఆ మిగులు అక్కడే కరిగిపోతుంది. లోపలికి టికెట్ పెట్టే చోట్లు చాలావరకు పొద్దున పదింటి ప్రాంతంలో తెరిచి సాయంత్రం ఐదింటి ప్రాంతంలో మూసేస్తారు. ఉన్న ఏడు గంటల్లో ఐదు రోడ్డు మీద పోతే మిగిలేవి రెండు, అంటే చోటికి ఇరవై నిమిషాలు. గుడి, శిల్పారామం చీకటి పడ్డాక కూడా తెరిచే ఉంటాయి కదా అంటారా, సరే, ఇంకో గంటన్నర కలుపుదాం. తలా పావుగంట పెరిగింది. సాలార్‌జంగ్‌లో గ్యాలరీలు నలభైకి దగ్గరగా ఉన్నాయి. ముప్పై ఐదు నిమిషాల్లో గ్యాలరీకి నిమిషం కూడా రాదు. అక్కడి పేరుమోసిన గడియారంలో గంట కొట్టే చిన్న బొమ్మ బయటికి వచ్చేది గంటకోసారి. ఆ వేళకు జనం దాని ముందు చేరి కాచుకుని ఉంటారు. మన జాబితావాడు రెండు గంటల పది నిమిషాలకు లోపలికి అడుగుపెడితే ఆ బొమ్మను చూడకుండానే బయటపడతాడు. భోజనం సంగతి నేను ఈ లెక్కలో అసలు ఎత్తలేదు.

తప్పు కుర్రవాడిది కాదు, నగరం పరిమాణం అలాంటిది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థ చేసినప్పుడే విస్తీర్ణం 625 చదరపు కిలోమీటర్లకు చేరింది. చుట్టూ తిరిగే ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. పైగా ఇది ఒక నడిబొడ్డు చుట్టూ పెరిగిన ఊరు కాదు. గోల్కొండ ఒక ఊరు, మూసీ దాటి కట్టిన చార్మినార్ బస్తీ ఇంకోటి, కంటోన్మెంటు చుట్టూ పెరిగిన సికింద్రాబాద్ మరోటి, 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మొలిచిన మాదాపూర్ వైపు నాలుగోది. వీటిని ఒక్క పేరు కలిపిందే గానీ దూరం కలపలేదు. ఒక్కో ఊరు చూడటానికి ఒక్కో పూట పడుతుంది. నా గడియారంలో ఉన్నవి రెండు పూటలు. కాబట్టి రెండు ఊళ్లు.

ఏ రెండు అన్నదానికంటే ముందు, నన్ను ఎన్నింటికి కొనాలి అన్నది తేల్చుకోవాలి. చాలామంది పొద్దున్నే ఏడింటికి, తొలి బస్సులోనే తీసుకుంటారు. రోజంతా కలిసొస్తుందని వాళ్ల లెక్క. కానీ ఆ ఏడింటికి టికెట్ పెట్టే చోట ఒక్క తలుపూ తెరిచి ఉండదు, సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది, రాత్రంతా నేను ప్యాంటు జేబులో ఊరికే పడి ఉండి మర్నాడు ఏడింటికి చస్తాను. అదే మధ్యాహ్నం ఒంటిగంటకు తీసుకుంటే రాత్రి మధ్యలో పడి, అటో పూట ఇటో పూట మిగులుతుంది. మొదటి పూట మూసీకి దక్షిణాన గడపడం మేలు. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికి బస్సు ఎక్కగానే కుడిచేతివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమచేతివైపు సాలార్‌జంగ్ కనిపిస్తాయి. అక్కడే దిగిపోవాలి. 1908 సెప్టెంబరు వరదలో ఇదే మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. గట్టుమీది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వంతెన మీద ఐదు నిమిషాలు నిలబడి కింద పారే సన్నటి నీటిని చూసినవాడికి ఆ కథ నమ్మబుద్ధి కాదు, అందుకే నిలబడాలి. మ్యూజియంలో మూడింటి గంట, నాలుగింటి గంట రెండూ విని బయటపడితే, మదీనా మీదుగా పత్తర్‌గట్టీ కమాన్ల కింద నడుచుకుంటూ పోయి, చార్‌కమాన్ దాటేసరికి ఎదురుగా 1591 నాటి చార్మినార్. దీపాలు వెలిగేది అప్పుడే, లాడ్‌బజార్‌లో గాజుల దుకాణాల ముందు బేరాలు ముదిరేది అప్పుడే. ఆఫీసులు వదిలి రోడ్లన్నీ బిగుసుకుపోయే ఆ మూడు గంటలూ కాలినడకన గడిచిపోతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది: శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు, మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుంది. శుక్రవారం వచ్చినవాళ్లు ఈ పూటను ఇంకో రోజుకు జరపడం తప్ప మార్గం లేదు.

రెండో పూట గోల్కొండ. మెహదీపట్నం వెళ్లి బస్సు మారి, పొద్దున తొమ్మిదింటికల్లా కోట గుమ్మంలో ఉండాలి. చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం లేవనెత్తుతారు. ముందు పుట్టింది గోల్కొండ. అక్కడ జనం కిక్కిరిసి, నీటికి కటకట అయ్యాకే కుతుబ్‌షాహీలు నది దాటి కొత్త నగరం వేసుకున్నారు. చూడటం కూడా ఆ వరసలోనే ఉండాలి కదా అని. మాట సబబే. అయితే బాలాహిస్సార్ మెట్లు మూడు వందల పైచిలుకు, పట్టపగలు ఆ రాతి మీద కాలు పెట్టలేరు. ఇక్కడ చరిత్ర వరస కంటే ఎండ వరసే ముఖ్యమని నా తీర్పు. పైగా చార్మినార్ చూసొచ్చినవాడు కొండమీద నిలబడి తూర్పుకు తిరిగితే, రాజులు ఏం వదిలి ఎటు పోయారో కళ్లముందే తేలిపోతుంది. బస్సులో వచ్చినవాడికి కారులో వచ్చినవాడి కంటే ఇంకొకటి ఎక్కువ అర్థమవుతుంది: టికెట్ కౌంటర్ రాకముందే, కోట బయటి గోడ లోపలే జనం కాపురాలున్నాయి, కిరాణా కొట్లున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందని ప్రతి గైడూ చూపిస్తాడు, అదీ చూడదగ్గదే. దిగి వచ్చాక ఆ రాజుల సమాధులు రెండు కిలోమీటర్ల లోపే. 2013లో మొదలై దశాబ్దం సాగిన మరమ్మతులతో అవి ఇప్పుడు తేటపడ్డాయి. ఒంటిగంటకు నా ప్రాణం పోయేసరికి తిరుగు బస్సులో ఉండొచ్చు.

ఇంత చెప్పినా, ఇంటికెళ్లాక బాబాయి అడుగుతాడు: హైదరాబాద్ వెళ్లి ట్యాంక్‌బండ్ బుద్ధుణ్ణి చూడలేదా? మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియని దూరాభారం నుంచి వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న చిన్నదేం కాదు. అన్నీ ఒక్కసారి కళ్లబడాలి అన్నదే కోరికైతే, ముఖ్యంగా వెంట పెద్దవాళ్లుంటే, పర్యాటక సంస్థ టూరు బస్సు నాకంటే నయం. అందులో ప్రతిచోటా దిగే వేళ, ఎక్కే వేళ వాళ్లే చూసుకుంటారు. కానీ పద్దెనిమిదేళ్లవాడి తొలి ప్రయాణానికి ఇంకో పని కూడా ఉంది. తెలియని ఊళ్లో దారి అడగడం, బోర్డు చదవడం, తప్పు ఎక్కితే దిద్దుకోవడం వాడు నేర్చుకోవాలి. టూరు బస్సు ఆ పని వాడి చేతిలోంచి లాగేసుకుంటుంది. ఫోనులో బైకు ట్యాక్సీ పిలిస్తే త్వరగా పోవచ్చు, నిజం. అయితే ప్రతి ప్రయాణానికీ కొత్త ధర పడుతుంది. మూడోసారికి వాడు చూడాలనుకున్న చోటును కాదు, పర్సును చూసి నిర్ణయిస్తాడు. చార్మినార్ వైపు వచ్చే మెట్రో రైలు మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోతుంది. నేను చెప్పిన రెండు ఊళ్లకూ దాని పట్టాలు లేవు.

నీ బేరం నువ్వు చెప్పుకుంటున్నావు అనేవాళ్లు కూడా ఉంటారు. లెక్క చూస్తే నా మాట నా అమ్మకానికే ఎదురు. రెండు ఊళ్లకే పోయేవాడు ఐదారు బస్సులకు మించి ఎక్కడు. ఒక్కోసారి విడివిడి టికెట్లే చవక పడతాయి. ఎక్కడెక్కడ ఎక్కాలో, దిగాలో ముందే ఖాయంగా తెలిసినవాడు నన్ను కొననక్కర్లేదు. నేను పనికొచ్చేది తెలియనివాడికి. తప్పు బస్సు ఎక్కితే వాడికి పోయేది పది నిమిషాలే, డబ్బు కాదు. కిటికీలోంచి ఏదో బాగుందనిపిస్తే దిగి, చాయ్ తాగి, వెనక బస్సు పట్టుకోవచ్చు. చార్మినార్ నుంచి రాత్రి తిరిగొచ్చాక ఇంకా ఓపిక ఉన్నవాడు కోఠిలో 127కె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. నాంపల్లి, లకిడికాపూల్, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మాదాపూర్ మీదుగా కొండాపూర్ దాకా పోతుంది. పాత దుకాణాల బోర్డులు పోయి నగల షాపుల దీపాలు, అవి పోయి అద్దాల భవనాలు రావడం ఒక్క సీట్లోంచే కనిపిస్తుంది. ఏ జాబితాలోనూ లేని ఆ ప్రయాణానికి విడిగా టికెట్ కొనమంటే ఎవరూ కొనరు. నేను ఉంటే ఎక్కుతారు.

రద్దీ సంగతి మాత్రం ఒప్పుకోవాలి. 2023 డిసెంబరు 9న తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక సిటీ బస్సుల్లో కాలు మోపే చోటు దొరకడం కష్టమైంది. గుర్తింపు కార్డు చూపించే తెలంగాణ అమ్మాయికి జీరో టికెట్ ఉంది, ఆమెకు నేను అక్కర్లేదు. గుంటూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మాయికి మాత్రం నేనే దిక్కు. పెట్టెతో ఈ బస్సుల్లో తిరగడం ఎవరికైనా నరకమే, దాన్ని రైల్వే స్టేషన్ క్లోక్‌రూములో పడేసి రావాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సి వస్తే ఆ బస్సు వదిలేయాలి, వెనకది కూడా నా కాగితం మీదే ఎక్కనిస్తుంది. రాత్రి పొద్దుపోయాక బస్సులు పలచబడతాయి. కొండాపూర్ దాకా పోయినవాళ్లు తిరుగు బస్సు ఎన్నింటికో దిగేముందే కండక్టర్‌ను అడగాలి, బస చేరేందుకు ఆటో డబ్బులు విడిగా ఉంచుకోవాలి. ఆటోవాడు నన్ను తీసుకోడు.