కన్నపు దొంగల చట్టమా, నీ జ్ఞాపకశక్తికి జోహార్లు!

ఇళ్లకు కన్నం వేసేవాళ్ల పని పట్టే చట్టమా, నీ జ్ఞాపకశక్తికి సాటి లేదు. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దొంగతనం చేస్తే పద్నాలుగేళ్ల దాకా జైలని 1860 నాటి శిక్షాస్మృతిలో రాసుకున్నావు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 457వ సెక్షను పోయి 331 అయింది. ఆ పద్నాలుగేళ్లను మాత్రం పదిలంగా కాపాడుకున్నావు.

మనుషుల్ని గుర్తుపెట్టుకోవడంలోనూ నీ తర్వాతే ఎవరైనా. బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టమై వచ్చి, ఎరుకల కుటుంబాలను అక్కడి సెటిల్‌మెంటులో ఉంచి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించావు. నేరం జరగకముందే పుట్టుక చూసి పేరు రాసుకోగల ముందుచూపు నీది! హాజరు తప్పితే శిక్ష, పాసు లేకుండా పొలిమేర దాటితే శిక్ష. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా నువ్వు మరిచిపోలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టమై వచ్చావు. జాతి అన్న మాట వదిలేశావు, రిజిస్టరును వదల్లేదు.

నీ నిబ్బరమూ గొప్పదే. తెనాలిలోనో రేపల్లెలోనో పెళ్లికెళ్లి వచ్చేసరికి తాళం విరిగి ఉంటుంది, బీరువా సొరుగు మంచం మీద బోర్లా పడి ఉంటుంది. తలుపు మీద క్లూస్ టీము చల్లిన పొడి ఇంకా అలాగే ఉంటుంది, ఇల్లాలు పోయిన గాజుల ఆనవాళ్లు చెప్పలేక ఏడుస్తుంటుంది. నీకు తడబాటే ఉండదు. పాత నేరస్థుల జాబితా సిద్ధంగా ఉంటుంది. గాజులు మాత్రం ఆ జాబితాలో దొరకవు.

ఇంత జ్ఞాపకం ఉన్న నీకు ఒక్క పేరు గుర్తు చేస్తాను. కవి జాషువా కూతురు హేమలతా లవణం 1970లలో అదే స్టూవర్టుపురంలో అడుగుపెట్టారు. ఆవిడ చేతిలో లాఠీ లేదు. దొంగ అన్న ముద్ర పడ్డవాళ్లతో మనుషులుగా మాట్లాడి, వేరే బతుకు చూపడానికి పాటుపడ్డారు.

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న చెప్పింది. 1962 చట్టాన్నీ అలాగే తీసేయాలి. చేసిన నేరానికి శిక్ష వెయ్యి, అనుభవించి వచ్చినవాణ్ని బతకనివ్వు. ఆ జ్ఞాపకశక్తినంతా సొమ్ము పోగొట్టుకున్నవాళ్ల ఫిర్యాదుల మీద పెట్టు. అప్పుడు నిన్ను మనసారా పొగుడుతాం.