సోలార్ సర్వర్ తొలి హెచ్చరికకు టీకా తాత్పర్యం

మూలం చెప్పేదిది: ట్రాన్స్‌ఫార్మర్‌ప్రొవైడర్ వారి సాదాసీదా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కాష్ పద్ధతి అధిక భారానికి తగదు, ఒకే స్టైల్‌షీట్ వాడుతూ, కాష్ గడువు తగినంత పెద్దదిగా పెట్టుకుంటే తప్ప. కడప బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి ప్రబంధాలకు టీకలు రాయించిన బ్రౌన్ దొరకు దొరికుంటే దీన్నీ వదిలేవాడు కాదు. సోలార్ అంటే ఇక్కడ కర్నూలు ఎండను కరెంటుగా మార్చే 1000 మెగావాట్ల పార్కు కాదు, 2006లో అపాచీ వారి చేతికొచ్చిన సెర్చ్ సర్వర్. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్ అంటే ఆ సర్వర్ ఇచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ జవాబును కోరిన రూపంలోకి మార్చే నియమాల ఫైలు.

‘తగదు’ దగ్గరే చదవడం ఆపి సర్వర్ చెడిందని బెంబేలెత్తడం పూర్వపక్షం. అది నిలవదు. ఈ మాట చెప్పేముందు భారం కొలిచిందెవరు? ట్రాన్స్‌ఫార్మర్‌ప్రొవైడర్ అనే కోడ్ భాగం పుట్టగానే, ఏమీ పరీక్షించకుండా, ఎవరికైనా ఒకే మాట చెబుతుంది. కనుక ఇది రోగనిర్ణయం కాదు, పథ్యం. బరువంతా ‘ఒకే’ అన్న విశేషణం మీదుంది. ఈ కాష్‌లో చివరగా వాడిన స్టైల్‌షీట్ ఒక్కటే నిలుస్తుంది. ఒకే కుండ ఉన్న ఇంట్లో ఒకరు సంగటి, ఇంకొకరు అన్నం మార్చి మార్చి అడిగితే ప్రతిసారీ కుండ కడిగి మళ్లీ ఎసరు పెట్టాల్సిందే. రెండు స్టైల్‌షీట్ల గతీ అంతే, గడువు ఎంత పెంచినా.

గడువే ప్రధానం కదా అంటారేమో. లెక్క చూడండి. నమూనా కాన్ఫిగరేషన్‌లో గడువు 5 సెకండ్లు. స్టైల్‌షీట్ ఒక్కటే అయితే, వేల అభ్యర్థనలు వచ్చినా నిమిషానికి 12 సార్లకు మించి దాన్ని మళ్లీ సిద్ధం చేసే పని లేదు. మరి గడువును రోజుకు పెంచేస్తే పోలేదా? పెంచొచ్చు, కానీ ఈ కాష్ ఫైలు మారిందో లేదో చూడదు, గడియారాన్నే చూస్తుంది. పొద్దున దిద్దిన స్టైల్‌షీట్ గడువు తీరేదాకానో, సర్వర్ మళ్లీ మొదలయ్యేదాకానో కనబడదు. దిద్దుబాట్లు జరిగే చోట 5, అవి ఆగిన చోట పెద్ద సంఖ్య, ఇదే ‘తగినంత’కు అర్థం.  సోలార్ 9వ వెర్షన్‌లో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని ఎటూ విడి మాడ్యూల్‌లోకి పంపేశారు.