పెన్‌గంగ దాటొచ్చిన టెక్నాలజీ

అంతర్జాతీయ సాంకేతిక బదిలీ అంటే ఢిల్లీ హోటళ్లలో కోటు తొడుక్కున్న పెద్దమనుషులు సంతకాలు చేసుకోవడమని అనుకుంటారు చాలామంది. మా ఆదిలాబాద్‌లో అది మృగశిరకు ముందే, చీకటి పడ్డాక, పెన్‌గంగ దాటి లూజు సంచుల్లో వస్తుంది. ఊళ్లో దాని పేరు బీజీ-3. గడ్డిమందు కొట్టినా చావని పత్తి. లైసెన్సు లేదు, రాయల్టీ లేదు, బిల్లు అసలే లేదు. మొలవకపోతే అడుగుదామంటే అమ్మినోడూ ఉండడు.

రైతు ఎందుకు కొంటాడంటారా? ముసురు పట్టిందంటే నల్లరేగడిలో గుంటుక దిగదు. నాలుగు రోజుల్లో పత్తి మొక్కకంటే గడ్డే ఎత్తు. 'కూలోళ్లు దొరుకుతలేరు సారూ, మందు కొడితే పొద్దుగూకే సరికి అయిపోతది' అంటాడు. పట్టుబడితే కేసు, కొందరు అమ్మకందార్లకు పీడీ యాక్టు కూడా.

ఈ రకం విత్తనం దర్జాగా ముందు గుమ్మంలోంచే రావలసింది. 2016లో అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటో, ఇక్కడి భాగస్వామి ద్వారా పెట్టుకున్న అనుమతి దరఖాస్తును వెనక్కి తీసుకుంది. టెక్నాలజీని స్థానిక కంపెనీలతో పంచుకోమంది సర్కారు, అందుకే అలక. కంపెనీ అలిగింది గానీ విత్తనం అలగలేదు, దొడ్డిదారిన దిగింది.

అలకకు ముందు కథ మరీ రంజు. కాయతొలిచే పురుగును చంపే జన్యువు చేర్చిన పత్తే బీటీ పత్తి. 2002లో అనుమతి పొందిన తొలి బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందలు దాటింది. అందులో 1,250 రూపాయలు జన్యువు ఖాతాలోకే. ఆ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు! వడ్డీ వ్యాపారి కూడా లేని అప్పుకు వడ్డీ అడగడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కెక్కాక, 2006లో ధర 750కి దిగింది.

దాని తర్వాతి తరం బీజీ-2కు మాత్రం పేటెంటుండేది. 2015లో రాయల్టీ దగ్గర మోన్‌శాంటోకూ, హైదరాబాద్‌లోని నూజివీడు సీడ్స్‌కూ చెడింది. ఆంబోతుల కుమ్ములాట కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించమంది. అదే ఏడాది చివర్లో పేటెంటు గడువే తీరిపోయింది. 2021లో ఇద్దరూ రాజీపడ్డారు. ఈలోగా కేంద్రం రాయల్టీని 2016లో 49 రూపాయలకు కోసి, 2020లో సున్నా చేసింది. అప్పటికి ప్యాకెట్ 730కి వచ్చింది. కూలి ఖర్చు ముందు ఆ మిగులెంత?

ఈ వాదనలేవీ పట్టనిది గులాబీరంగు పురుగు. జన్యువు ఎవరిదో న్యాయమూర్తులు తేల్చేలోపే, దాన్ని అరిగించుకోవడం నేర్చేసుకుంది. ఒక్క పైసా రాయల్టీ కట్టలేదు.

అసలు తాళం పేటెంటు కాదు, హైబ్రిడ్. 2001 నాటి మన చట్టం విత్తనం దాచుకునే హక్కు రైతుకు ఇచ్చింది. కానీ షాపులో అమ్మే బీటీ పత్తి బన్నీ అయినా, మల్లిక అయినా హైబ్రిడే. దాచి వేస్తే పంట ఒకటిగా రాదు, దిగుబడి పడిపోతుంది. హక్కు కాగితం మీద పదిలం, డబ్బు ఏటా షాపులో జమ. పేటెంటు పోయినా దుకాణం నడిచేది అందుకే.

సర్కారు ప్రయత్నించలేదనకండి. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ వర్సిటీ కలిసి బికనేరి నర్మా బీటీ అని దాచుకోదగ్గ రకం తెచ్చాయి. 2009లో అమ్మారు, ఆ ఏడే ఆపేశారు. తీరా చూస్తే అందులో మోన్‌శాంటో జన్యువే బయటపడింది. స్వదేశీ ఆవిష్కరణ అంటే ఇదీ!

ఆదిలాబాద్ పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్తలకు ఒక విన్నపం. బీజీ-2 పేటెంటు తీరి ఏళ్లయింది, ఇక కోర్టు భయం లేదు. మా రేగడికి తగిన, రైతు దాచుకుని మళ్లీ వేసుకోగల రకాన్ని బిల్లుతో సహా మండలానికి చేర్చండి. లూజు సంచికి గిరాకీ అప్పుడు తగ్గుతుంది, కేసులతో కాదు.