టోపీ తియ్యని పెద్దమనిషి

అమెరికా రెస్టారెంట్లలో మూడు పూటలా కనిపించే రకం మనిషి టోపీధారి. వయసు పద్దెనిమిది నుంచి డెబ్బై దాకా ఎంతైనా ఉండవచ్చు. నెత్తిమీద బేస్‌బాల్ క్యాప్ ఉంటుంది. దానిమీద ఊరి జట్టు గుర్తో, ట్రాక్టర్ కంపెనీ పేరో, ఎప్పుడో చేపలు పట్టడానికి వెళ్లిన సరస్సు పేరో ఉంటుంది. తలుపు తోసుకుని లోపలికి రాగానే చలువ కళ్లద్దాలు తీస్తాడు, కోటు విప్పి కుర్చీకి తగిలిస్తాడు, జేబులోని ఫోను, కారు తాళాలు బల్లమీద పెడతాడు. టోపీ జోలికి మాత్రం పోడు.

అతని మీద ఉన్న ఫిర్యాదు పాతది. ఇంటి కప్పు కిందికి వచ్చిన మగవాడు టోపీ తీయాలి, భోజనాల బల్ల దగ్గరైతే తీసి తీరాలి అన్నది పాశ్చాత్యుల మర్యాద. యుద్ధవీరులు ఎదుటివాడికి ముఖం కనిపించేలా శిరస్త్రాణం ఎత్తేవారని, అందులోంచే ఇది పుట్టిందని ఒక కథ చెబుతుంటారు. పుట్టుక సంగతి ఎలా ఉన్నా, ఇరవయ్యో శతాబ్దానికి ఇదొక శాస్త్రమై కూర్చుంది. ఎమిలీ పోస్ట్ 1922లో అచ్చువేసిన ‘ఎటికెట్’ గ్రంథం ప్రకారం, హోటల్ లిఫ్టులోకి స్త్రీ అడుగుపెడితే మగవాడు టోపీ తీసి చేత్తో పట్టుకోవాలి. లిఫ్టు దిగి నడవాలోకి రాగానే మళ్లీ పెట్టుకోవాలి. లిఫ్టు గదికి సమానం, నడవా వీధికి సమానం అని ఆవిడ తర్కం. మీమాంసకులకు కూడా ఇందులో వంక దొరకదు.

అదే 1922 సెప్టెంబరులో న్యూయార్క్ వీధుల్లో ఈ శాస్త్రం ముదిరి కొట్లాటల దాకా వెళ్లింది. సెప్టెంబరు 15 తర్వాత మగవాళ్లు గడ్డిటోపీలు మానేసి ఉన్నిటోపీల్లోకి మారాలన్నది అప్పటి ఆనవాయితీ. గడువుకు రెండు రోజుల ముందే కుర్రకారు గుంపులు కట్టి, ఎదురైనవాడి నెత్తిమీది గడ్డిటోపీ లాగి నేలకేసి తొక్కారు. అడ్డుపడ్డవాళ్లకు దెబ్బలు తగిలాయి, పోలీసులు కొందరిని పట్టుకెళ్లారు. మర్యాద కోసం ఇంత అమర్యాద జరగడం అరుదు.

నాలుగు గోడల మధ్య టోపీ తీయడమే మర్యాద అని మరీ గట్టిగా అనడానికి కూడా లేదు. బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఓటింగు జరుగుతుండగా పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తాలంటే సభ్యుడు లేవకూడదని, పైగా నెత్తిన టోపీ ఉండాలని నియమం ఉండేది. దేశంలో టోపీలు మాయమైనా నియమం మాయం కాలేదు గనక, అవసరానికి సభలో మడతపడే టోపీలు ఉంచి చేతులు మార్చుకునేవారు. దేశ భవిష్యత్తు తేల్చే పెద్దలు టోపీ ఎటు పోయిందని బెంచీల మీద వెతుక్కునే ఈ ఏర్పాటును 1998లో రద్దు చేశారు. అమెరికా ప్రతినిధుల సభ మాత్రం 1837లోనే టోపీలను గుమ్మం బయట ఆపేసింది. మత సంబంధమైన తలకప్పుకు మినహాయింపు దొరికింది 2019లో.

రెస్టారెంటు విషయంలో నియమాన్ని ఇన్నాళ్లు నిలబెట్టింది నీతిబోధ కన్నా చెక్కసామాను అనే చెప్పాలి. ఒకప్పుడు ప్రతి ఇంటి వాకిట్లో, బార్బర్ షాపులో, ఆఫీసులో టోపీల స్టాండు ఉండేది. పెద్ద హోటళ్లలో టోపీలు భద్రపరిచే కిటికీ, అక్కడ టోకెన్ ఇచ్చే అమ్మాయి ఉండేవారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో నాణెం పెట్టాలి. ఆ నాణెం ఆమె జీతాన్ని పెంచుతుందని పెద్దమనుషులు నమ్మేవారు; చాలాచోట్ల అది కిటికీని గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు జేబులోకి పోయేది. తర్వాత కార్లు వచ్చాయి, వాటి కప్పులు కిందికి దిగాయి, టోపీ పెట్టుకుని కూర్చోవడం కష్టమైంది. ప్రమాణ స్వీకారానికి కెన్నెడీ టోపీ లేకుండా రావడం వల్లే ఫ్యాషన్ చచ్చిందంటారు గానీ, 1961 జనవరిలో ఆయన పట్టు టోపీతోనే వచ్చాడు, ప్రసంగానికి లేచినప్పుడు తీసి పక్కన పెట్టాడు. టోపీలు పోయేసరికి కొక్కేలూ పోయాయి. ఆ తర్వాత బేస్‌బాల్ క్యాప్ మైదానం దాటి నెత్తులెక్కింది. ఈ టోపీధారికి ఇప్పుడు తీయమని చెప్పేవాళ్లున్నారు, తీసి ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. బల్లమీద పెడితే సాస్ అంటుతుంది, కింద పెడితే వెయిటరు తొక్కుతాడు, మోకాలి మీద పెడితే జారుతుంది.

అసలు కారణం ఇంకొకటుంది. పొద్దున్నుంచి టోపీ కింద నలిగిన జుట్టు నెత్తికి అతుక్కుని, చుట్టూ గాడి పడి, చెవుల పక్కన మాత్రం లేచి నిలబడుతుంది. తీస్తే ఒక మర్యాద నిలుస్తుంది గానీ ఇంకో మర్యాద పోతుంది. జుట్టే లేనివాడి బాధ చెప్పనక్కర్లేదు. అందుకే టోపీధారి మధ్యేమార్గాలు కనిపెట్టాడు. వెయిట్రెస్ పలకరిస్తే టోపీ అంచును రెండు వేళ్లతో పైకి తోస్తాడు, అది నమస్కారం. సూప్ వచ్చాక టోపీని వెనక్కి తిప్పుతాడు, అది సర్దుబాటు.

అయితే అతను నియమం లేని మనిషి కాడు. దక్షిణ రాష్ట్రాల్లో కుటుంబంతో భోజనానికి కూర్చున్నప్పుడు తండ్రి తల వంచి ప్రార్థన మొదలుపెట్టగానే టోపీ చటుక్కున ఊడి తొడమీదికి చేరుతుంది. ‘ఆమెన్’ అన్న మాట పూర్తవుతుండగానే మళ్లీ నెత్తికెక్కుతుంది, అదే చేత్తో మొక్కజొన్న రొట్టె అందుకుంటాడు. స్టేడియంలో జాతీయగీతం వినబడితే కుడిచేత్తో తీసి గుండెకు ఆనించుకుంటాడు. దేవుడికి తీస్తాడు, జెండాకు తీస్తాడు, వేపిన కోడికి తీయడు. ఈ తారతమ్యం గురించి అడిగితే అతను ఆశ్చర్యపోతాడు. అమ్మమ్మ బతికున్నంత కాలం ఆవిడకూ తీసేవాడు, తీయకపోతే ఆవిడే తీసేది.

ఇతని సహజ శత్రువు రెండు బల్లల అవతల ఉంటాడు. ఆయన మర్యాదరక్షకుడు. అరవై దాటినవాడు, గోల్ఫ్ ఆటకు తప్ప జీవితంలో ఎప్పుడూ టోపీ కొన్నవాడు కాడు, నియమం మాత్రం కంఠతా వచ్చు. టోపీ కనబడ్డ క్షణం నుంచి ఆయనకు ముద్ద దిగదు. ‘చూశావా?’ అని భార్యతో అంటాడు. ఆవిడ ‘మీ మాంసం చల్లారిపోతోంది’ అంటుంది. వెయిటరును పిలిచి చెవిలో చెబుతాడు. టిప్పు మీద బతికే వెయిటరు ఇద్దరికీ నీళ్లు పోసి వెళ్లిపోతాడు. మర్యాదరక్షకుడు తానే లేచి వెళ్లి చెప్పడం చాలా అరుదు. ‘ది సొప్రానోస్’ సీరియల్‌లో ఒకాయన అలా లేచి వెళ్లి చెప్పాడు, టోపీ వెంటనే దిగింది. చెప్పినాయన మాఫియా నాయకుడు కావడం వల్ల పని సులువైంది.

టెక్సాస్‌లో లెక్క వేరు. అక్కడి కౌబాయ్ టోపీ ఖరీదైనది, దాని పద్ధతులూ ఖరీదైనవే. బార్ కౌంటరు దగ్గర ఉంచుకోవచ్చు, బల్ల దగ్గర తీయాలి. తీసినదాన్ని అంచు కిందికి వచ్చేలా పెట్టకూడదు, వెల్లకిలా తిప్పి గోపురం మీద నిలబెట్టాలి. అంచు వంపు చెడకుండా అన్నది ఒక వాదం, అదృష్టం ఒలికిపోకుండా అన్నది ఇంకో వాదం. మంచం మీద పెడితే అరిష్టం. ఆడవాళ్లకు ఈ గొడవ పూర్వం లేదు. పిన్నులతో జుట్టుకు గుచ్చిన టోపీని హోటల్లో ఊడదీయడం అయ్యే పని కాదు గనక శాస్త్రం వాళ్ల జోలికి పోలేదు. బేస్‌బాల్ క్యాప్ పెట్టుకుంటే మాత్రం ఆడవాళ్లూ తీయాల్సిందేనని ఇప్పటి మర్యాద గ్రంథాలు అంటున్నాయి.

మినహాయింపులు స్పష్టమే. సిక్కుల తలపాగా, యూదుల కిప్పా మర్యాద చర్చలోకే రావు. చికిత్సలో జుట్టు పోయినవారిని ఎవరూ అడగకూడదు. ఈ చివరి మినహాయింపును తెలియకుండా వాడుకునేవాళ్లు డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు. సెలవులకు ఇంటికొచ్చి, తిరుమలలో మొక్కు చెల్లించి, గుండుతో తిరిగి వెళ్లిన ఇంజినీరు ఆఫీసువాళ్లతో భోజనానికి క్యాప్ పెట్టుకునే వెళతాడు. మర్యాదరక్షకుడు కనుబొమలు ముడిచేలోపు, వేడికి ఓర్వలేక అతను క్యాప్ ఎత్తి నున్నటి తల తుడుచుకుంటాడు. అవతలి బల్ల దగ్గర కోపం ఒక్కసారిగా జాలిగా మారుతుంది. బయటికి వెళ్తూ ఆయన భుజం తట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి మరీ వెళతాడు. ఎందుకు చెప్పాడో ఇంజినీరుకు అర్థం కాదు, థాంక్స్ మాత్రం చెబుతాడు. జుట్టు దువ్వెనకు అందేదాకా ఈ మినహాయింపు చెల్లుతుంది. ఆ తర్వాత అతనికీ మామూలు నియమమే.